హోండా సీఎక్స్500: వేడెక్కితే సిగ్నల్ దగ్గర ఆగిపోయే బండికి ట్రిపుల్ బైపాస్

బండి 1980 మోడల్ హోండా సీఎక్స్500, సీడీఐ ఇగ్నిషన్ (కెపాసిటర్‌లో కరెంటు నింపి స్పార్క్ ఇచ్చే ఏర్పాటు) ఉన్న రకం. ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లో ఏడాది పొడుగునా ఆఫీసుకు, వేసవిలో స్కాట్లండ్ వైపు టూర్లకు తిరుగుతోంది. మీటరు మీద 58,000 మైళ్ళు, అంటే 93,000 కిలోమీటర్ల పైమాటే. ఇంజిన్ ఇంతవరకు దింపిన దాఖలా లేదు.

ఓనరు ఫిర్యాదు ఇది: పొద్దున ఒక్క నొక్కుకే స్టార్ట్ అవుతుంది. హైవే మీద ఏ తేడా లేదు. ముప్పావు గంట నడిచి బాగా వేడెక్కాక ఊళ్ళోకి వచ్చి సిగ్నల్ దగ్గర ఆపితే ఇంజిన్ టక్కున ఆగిపోతుంది. సెల్ఫ్ ఎంత కొట్టినా అంటుకోదు. అరగంట ఆగితే ఏమీ జరగనట్టు మళ్ళీ స్టార్ట్. ఒక్కోసారి పల్లంలో దొర్లించి గేర్లో వదిలితే అంటుకుని, యాక్సిలరేటర్ పట్టి ఉంచినంతసేపు నడుస్తుంది.

ఇవి కాక మరో రెండు, ఓనరు పెద్దగా పట్టించుకోనివి. ఇంజిన్ వెనక అడుగున అప్పుడప్పుడు కూలెంట్ చుక్క. 2,000 ఆర్‌పీఎం దగ్గర వెనక వైపు నుంచి గలగలమనే శబ్దం.

మా దగ్గరికి వచ్చేలోపే ప్లగ్గులు, ప్లగ్ క్యాపులు, బ్యాటరీ మార్చేశారు. కార్బురేటర్లు విప్పి కడిగారు. ఎక్కడో దొరికిన పాత సీడీఐ బాక్సు కూడా పెట్టి చూశారు. వీటిలో ఏదీ తప్పు పని కాదు గానీ, ఏదీ కొలిచి చేసిన పని కాదు. ఈ మోడల్‌లో ఈ లక్షణం చూస్తే అనుమానం మొదట పోవాల్సింది ఇంజిన్ వెనక కవర్ లోపల కరెంటు పుట్టించే స్టేటర్ మీదికి. మన మెకానిక్కులు మ్యాగ్నెట్ కాయిల్ అనేది దాన్నే.

ఇంజిన్ సంగతి

సీఎక్స్500 మార్కెట్లోకి వచ్చింది 1978లో. 497 సీసీ, 80 డిగ్రీల వీ-ట్విన్, బోర్ 78 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 52. స్ట్రోక్ పొట్టి కాబట్టి 9,000 ఆర్‌పీఎం వరకు హాయిగా తిరుగుతుంది, అక్కడే 50 హార్స్ పవర్ ఇస్తుంది. వాటర్ కూలింగ్, వెనక చక్రానికి షాఫ్ట్, ట్యూబ్‌లెస్ టైర్లు. ఆ కాలానికి ఈ మూడూ ఒకే బండిలో దొరకడం గొప్పే. క్రాంక్ బండి పొడవునా ఉంటుంది. రెండు సిలిండర్లు చెరో పక్కకు పొడుచుకు వస్తాయి. కార్బురేటర్లు మోకాళ్ళకు తగలకుండా సిలిండర్ హెడ్లను 22 డిగ్రీలు లోపలికి తిప్పి పెట్టారు. 80లలో లండన్ కొరియర్ కుర్రాళ్ళు ఈ బండి మీద పడి బతికారంటే కారణం వేగం కాదు, చైన్ బాధ లేకపోవడం, ఎండావానల్లో కూడా రోజంతా నడవడం.

బుల్లెట్ చూసిన చేతులకు ఇందులో ఒక్క విషయం పరిచయంగానే ఉంటుంది: పుష్ రాడ్లు. కామ్‌షాఫ్ట్ రెండు సిలిండర్ల మధ్య లోయలో ఉంటుంది, అక్కడి నుంచి పుష్ రాడ్లు హెడ్లలోకి వెళ్తాయి. సిలిండర్‌కు 4 వాల్వులు.

చిక్కంతా కామ్‌షాఫ్ట్ వెనక చివర దగ్గర ఉంది. క్రాంక్ నుంచి కామ్‌షాఫ్ట్‌ను తిప్పే కామ్ చైన్ అక్కడే. కామ్‌షాఫ్ట్ కొనకే వాటర్ పంప్ ఇంపెల్లర్ (నీటిని తోసే చక్రం) బిగించి ఉంటుంది. దాని కింద క్రాంక్ చివర అయస్కాంతాలున్న రోటరు, దానికి ఎదురుగా కవర్‌లో స్టేటర్. మూడూ ఒకే కవర్ వెనక. ఆ కవర్ తీయాలంటే ఇంజిన్ ఫ్రేమ్‌లోంచి దించాల్సిందే. అందుకే స్టేటర్, వాటర్ పంప్ సీలు, కామ్ చైన్ ఒకేసారి మార్చే పనికి సీఎక్స్ వాళ్ళు ట్రిపుల్ బైపాస్ అని పేరు పెట్టుకున్నారు. గుండె ఆపరేషన్ పేరే, పని కూడా కొంచెం అలాంటిదే.

వేడి మీద కొలవడం

సీడీఐ రకం సీఎక్స్‌లో ఇగ్నిషన్‌కు బ్యాటరీతో సంబంధం లేదు. స్టేటర్ మీదే ఇగ్నిషన్ కోసం వేరుగా రెండు వైండింగులు ఉంటాయి. ఒకటి సన్నని తీగతో ఎక్కువ చుట్లు చుట్టింది. సెల్ఫ్ కొట్టేటప్పుడు, ఐడిల్‌లో సీడీఐ లోపలి కెపాసిటర్‌ను నింపేది ఇదే. రెండోది తక్కువ చుట్లది, ఆర్‌పీఎం పెరిగాక భారం ఇది తీసుకుంటుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చినా ఈ బండిని తోసి స్టార్ట్ చేయగలగడం ఈ ఏర్పాటు వల్లే.

ఇప్పుడు ఫిర్యాదు మళ్ళీ చదవండి. పై ఆర్‌పీఎంలో బాగుంది, ఐడిల్‌లో చచ్చిపోతోంది, సెల్ఫ్ తిప్పే వేగానికి స్పార్క్ రావడం లేదు, దొర్లిస్తే ఒక్కోసారి వస్తోంది. తక్కువ వేగం వైండింగు పోయిందని బండే చెబుతోంది. పెట్రోలు చాలినంత అందకపోతే ఇది తలకిందులుగా ఉండేది: ఐడిల్ బాగుండి, హైవే మీద ఊపిరి ఆడక గుంజుకునేది.

మరి ఇంతకుముందు చూసినవాళ్ళకు ఎందుకు దొరకలేదు? చల్లారిన ఇంజిన్ మీద కొలిచారు కాబట్టి. సన్నని తీగ ఎక్కడో లోపల తెగి, కొసలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు మల్టీమీటర్ ఏ తేడా చూపదు. వేడికి తీగ మీది రెసిన్ పూత, రాగి రెండూ వ్యాకోచించి ఆ కొసలు విడిపోతాయి. చల్లారగానే మళ్ళీ కలుస్తాయి.

కాబట్టి పద్ధతి ఇది. ముందు చల్లటి ఇంజిన్ మీద స్టేటర్ నుంచి సీడీఐకి వెళ్ళే కనెక్టర్ విప్పి రెండు వైండింగుల రెసిస్టెన్స్ రాసుకోవాలి. తర్వాత బండిని రోడ్డు మీద బాగా వేడెక్కనిచ్చి, ఆగిపోయిన చోటే, ఆగిపోయిన నిమిషంలోనే సైడ్ ప్యానెల్ తీసి అదే కనెక్టర్ దగ్గర మళ్ళీ కొలవాలి. మల్టీమీటర్ జేబులో ఉండాలి. వర్క్‌షాపుకు తెచ్చి కొలుద్దామంటే అప్పటికి చల్లారిపోతుంది. ఈ బండిలో సన్నని వైండింగు చల్లగా కొన్ని వందల ఓమ్‌ల దగ్గర నిలకడగా ఉంది. వేడి మీద అంకె ఎగిరెగిరి పడి, ఆఖరికి ఓపెన్ (తీగ తెగినట్టు) చూపించింది. తీగను వేలితో కాస్త కదిపినా మారలేదు, అంటే తెగింది బయటి వైరు కాదు, లోపలే.

అదే ఊపులో చార్జింగ్ వైపు కూడా చూడాలి. మూడు పసుపు వైర్లు. ఏ రెండింటి మధ్య కొలిచినా 1 ఓమ్ లోపు, మూడు జతలూ దాదాపు సమానంగా ఉండాలి, ఏ ఒక్కటీ ఇంజిన్ బాడీకి తగలకూడదు. ఇందులో మూడూ సరిగానే ఉన్నాయి. కానీ పసుపు వైర్ల కనెక్టర్ ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, ఒక పిన్ను చుట్టూ కరిగి ఉంది. వదులు కనెక్షన్ దగ్గర రెసిస్టెన్స్ పెరిగి వేడి పుడుతుంది, ఆ వేడికి పిన్ను ఇంకా వదులవుతుంది. అక్కడితో ఆగదు, చివరికి చార్జింగ్ ఓల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ను కూడా తినేస్తుంది.

చుక్క, గలగల

వాటర్ పంప్ దగ్గర రెండు సీళ్ళు ఉంటాయి. నీటి వైపు మెకానికల్ సీలు, ఆయిల్ వైపు ఆయిల్ సీలు. రెండింటి మధ్య ఖాళీ నుంచి కిందికి ఒక చిన్న రంధ్రం బయటికి తెరుచుకుంటుంది. ఆ రంధ్రం లీకు కాదు, లీకును చూపించడానికి కావాలని పెట్టిందే. అందులోంచి కూలెంట్ కారితే మెకానికల్ సీలు పోయినట్టు, ఆయిల్ కారితే ఆయిల్ సీలు పోయినట్టు. చుక్క పడుతోందని ఆ రంధ్రాన్ని ఎం-సీల్ లాంటిదానితో మూసిన ఇంజిన్లు కనిపిస్తుంటాయి. అలా మూస్తే కూలెంట్‌కు బయటికి దారి ఉండదు, ఆయిల్ సీలు దాటి ఆయిల్లోకి పోతుంది. ఈ బండిలో రంధ్రం తెరిచే ఉంది, కారేది కూలెంటే.

గలగల శబ్దం కామ్ చైన్‌ది. ఈ మోడల్‌లో టెన్షనర్ దానంతటది సర్దుకోదు. బయటి లాక్ బోల్టు వదులు చేసి మళ్ళీ బిగిస్తే లోపలి స్ప్రింగు అప్పటి లూజును లాక్కుంటుంది. వదిలి బిగించినా శబ్దం తగ్గలేదంటే చైన్ సాగి టెన్షనర్ ప్రయాణం అయిపోయినట్టే. చైన్ ఒక పన్ను దాటితే వాల్వులు పిస్టన్‌కు కొడతాయి, ఆ తర్వాత బండి స్పేర్ల కిందే అమ్మాలి.

మొదట్లో వచ్చిన సీఎక్స్‌లకు కామ్ చైన్ టెన్షనర్ విషయంలో హోండా రీకాల్ చేసింది. సరిచేసిన ఇంజిన్ల నంబరు పక్కన మూడు పంచ్ చుక్కలు కొట్టారు. 1978 బండి కొనేవాళ్ళు టార్చి వేసి ఆ చుక్కల కోసం వెతకాలి. 1980 బండికి ఆ గొడవ లేదు.

కంప్రెషన్ రెండు సిలిండర్లలోనూ బాగుంది, తేడా నామమాత్రం. కాబట్టి హెడ్లు ముట్టుకోలేదు. ఇంజిన్ ఎలాగూ బయటికి వస్తోంది కదా అని పిస్టన్ రింగుల దాకా విప్పడం ఈ పనిలో అందరికీ పుట్టే కోరిక. సిలిండర్లు క్రాంక్‌కేస్‌తో కలిపి ఒకే పోతగా ఉన్న ఇంజిన్ ఇది. రింగుల కోసం దిగితే మొత్తం విప్పాలి. చదరపు సెంటీమీటరుకు 12 కేజీల చుట్టూ కంప్రెషన్ ఉన్న సీఎక్స్‌ను అలా విప్పడం డబ్బు దండగ.

స్టేటర్ ఎలాంటిది వేయాలి

ఇక్కడే ఎక్కువ ఆలోచించాల్సి వచ్చింది. దారులు మూడు.

పాత బండ్లు విప్పి అమ్మేవాళ్ళ దగ్గర వాడిన స్టేటర్ చవగ్గా దొరుకుతుంది. కానీ దాని వయసు కూడా 40 ఏళ్ళ పైనే, ఇలాగే ఉడికి ఉంటుంది. ఇంజిన్ దించి చేసే పనికి అలాంటి వస్తువు పెట్టకూడదు.

ఉన్న స్టేటర్‌ను అచ్చం పాత పద్ధతిలోనే, ఇగ్నిషన్ వైండింగులతో సహా రీవైండింగ్ చేయించడం రెండో దారి. మన ఊళ్ళలో బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపుల్లో చేతి పనితనానికి లోటు లేదు. అయితే మామూలు మోటార్ వార్నిష్ వేడి ఇంజిన్ ఆయిల్లో నిలవదు, మెత్తబడి ఊడుతుంది. 180 డిగ్రీలు తట్టుకునే ఎనామిల్ తీగ, ఆయిల్‌ను తట్టుకునే ఎపాక్సీ కావాలని ముందే తేల్చుకోవాలి. సన్నని వైండింగు చుట్లు లెక్క తప్పితే సీడీఐకి అందే ఓల్టేజి మారిపోతుంది.

మూడోది, ఇగ్నిషన్ వైండింగులు లేని, చార్జింగ్ మాత్రమే చేసే త్రీ-ఫేజ్ స్టేటర్ వేసి, పాత సీడీఐ బదులు చెక్ దేశపు ఇగ్నిటెక్ డిజిటల్ ఇగ్నిషన్ పెట్టడం. స్పార్క్ ఎప్పుడు ఇవ్వాలో చెప్పే పల్సర్ కాయిల్స్ బాగుంటే వాటినే వాడుకోవచ్చు. లాభం ఏమిటంటే ఇగ్నిషన్ కోసం పోయే స్టేటర్ పోళ్ళు (తీగ చుట్టే కొమ్ములు) కూడా చార్జింగ్‌కు వస్తాయి. సీడీఐ రకం ఆల్టర్నేటర్ 5,000 ఆర్‌పీఎం దగ్గర ఇచ్చేది 170 వాట్లే. ట్రాన్సిస్టర్ ఇగ్నిషన్‌తో తర్వాత వచ్చిన రకంలో అది 250 వాట్ల పైన ఉంది. నష్టం కూడా చెప్పాలి: ఇకమీదట ఇగ్నిషన్ బ్యాటరీ మీద ఆధారపడుతుంది. బ్యాటరీ చస్తే తోసి స్టార్ట్ చేయడం కుదరదు.

ఈ ఓనరు చలికాలంలో కూడా నడుపుతారు, హీటెడ్ గ్రిప్స్ ఉన్నాయి, ఫోను చార్జింగ్ కావాలి. 170 వాట్లలో హెడ్‌లైటు, టెయిల్ లైటు పోను మిగిలేది చాలా తక్కువ, ఊళ్ళో ట్రాఫిక్‌లో అదీ ఉండదు. అందుకని మూడో దారి. ఆదివారాలు మాత్రమే తీసే, ఒరిజినల్‌గా ఉంచుకోవాలనుకునే బండైతే రీవైండింగే చెప్పేవాళ్ళం.

దించడం

పని మొదలుపెట్టే ముందు రోజే సైలెన్సర్ బెండు నట్ల మీద పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి ఉంచాలి. ఇంగ్లండ్ రోడ్ల మీద చలికాలంలో ఉప్పు చల్లుతారు, 40 ఏళ్ళ ఉప్పు ఆ స్టడ్లను పట్టేసి ఉంటుంది. కదలని నట్టును వేడి చేసి, బిగించే వైపుకు రవ్వంత తిప్పి, తర్వాత విప్పాలి. హెడ్‌లో స్టడ్ విరిగితే అక్కడే ఒక రోజు పోతుంది.

ఆయిల్, కూలెంట్ దించేయాలి. ట్యాంకు, రేడియేటర్, సైలెన్సర్లు, కార్బురేటర్లు, క్లచ్ కేబుల్, వైరింగ్ కనెక్టర్లు ఈ వరసలో. రేడియేటర్ తీశాక ముందు ఫ్యాన్ కనిపిస్తుంది. ఇది కరెంటు ఫ్యాన్ కాదు, కామ్‌షాఫ్ట్ ముందు కొనకు బిగించిన ప్లాస్టిక్ ఫ్యాన్. రెక్కల మొదళ్ళలో పగుళ్ళు ఉన్నాయేమో గోటితో గీరి చూడాలి. రెక్క విరిగితే సరాసరి రేడియేటర్లోకి పోతుంది. ఫ్యాన్ మార్చాల్సి వస్తే నడిమి బోల్టు తీసి, బండి వెనక చక్రం ఇరుసునే మరలోకి ఎక్కించి తోస్తే ఊడి వస్తుంది, వేరే పుల్లర్ అక్కర్లేదు.

ఇంజిన్ కింద ఫ్రేమ్ గొట్టాలు లేవు. ఇంజిన్ పైనున్న ఫ్రేమ్‌కు వేలాడుతూ, తనే ఫ్రేమ్‌లో భాగంగా పనిచేస్తుంది. అందుకని కిందికి దించడం తేలికే. కానీ దిగిన మరుక్షణం బండి బరువు లెక్క మారిపోతుంది, పైనుంచి బలమైన తాడుతో కట్టకపోతే పడిపోతుంది. ఇంజిన్ కింద జాకీ, మధ్యలో చెక్క పలక. స్వింగ్ ఆర్మ్ మొదట్లోని రబ్బరు బూటు వెనక్కి జరిపి, ఇంజిన్‌ను ముందుకు లాగుతూ యూనివర్సల్ జాయింట్ పళ్ళను విడదీయాలి. ఇద్దరు మనుషులు ఉండాలి. ఒక్కరే చేస్తే పళ్ళు వదిలిన క్షణంలో ఇంజిన్ పక్కకు వాలుతుంది.

వెనక కవర్ వెనక

కవర్ బోల్టులు ఒకే పొడవు ఉండవు. అట్ట మీద కవర్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఏ చోటిదో ఆ రంధ్రంలోనే గుచ్చాలి. పొడుగు బోల్టు పొట్టి రంధ్రంలో బిగిస్తే అల్యూమినియం పగులుతుంది.

ఇంపెల్లర్‌ను పట్టి ఉంచేది ఒక డోమ్ నట్టు, దాని కింద రాగి వాషరు. కవర్ బయటికి లాగేటప్పుడు గేరు షాఫ్టు దాంతోపాటు రాకుండా లోపలికి నొక్కి పట్టుకోవాలి. తిరిగి ఎక్కించేటప్పుడు ఆ షాఫ్టు పళ్ళ మీద టేపు చుట్టాలి. చుట్టకపోతే కొత్త ఆయిల్ సీలు పెదవి ఆ పళ్ళకు కోసుకుపోతుంది, నెల తిరిగేసరికి గేరు లివర్ కింద ఆయిల్ మరక. అన్నీ బాగా చేసి ఇక్కడ తప్పే పనులే ఎక్కువ.

స్టేటర్ బయటికి వచ్చాక కథ కళ్ళకు కట్టింది. చార్జింగ్ పోళ్ళు ముదురు గోధుమ రంగులో ఉన్నా గట్టిగానే ఉన్నాయి. ఇగ్నిషన్ పోళ్ళ మీది రెసిన్ నల్లబడి, మధ్యలో వెంట్రుక మందం పగులు. స్క్రూడ్రైవర్ కొనతో తాకితే పెచ్చుగా ఊడింది. కింద రాగి తీగ ఒకచోట పచ్చగా మారి తెగి ఉంది.

రోటరు తీయడానికి సరైన మర ఉన్న పుల్లరే వాడాలి. సుత్తితో అంచు మీద కొడితే లోపలి అయస్కాంతాలు పగులుతాయి. రోటరు వెనక స్టార్టర్ క్లచ్ ఉంటుంది. దాని బోల్టులు వదులవడం ఈ ఇంజిన్‌లో మామూలే. తీసి, మరలు శుభ్రం చేసి, లాక్‌టైట్ (మర వదలకుండా పట్టే జిగురు) వేసి బిగించాలి. రోలర్లు, స్ప్రింగులు అక్కడికక్కడే చూసేయాలి.

పాత కామ్ చైన్‌ను కొత్తదాని పక్కన వేలాడదీస్తే పొడవు తేడా కంటికే కనిపించింది. టెన్షనర్ బ్లేడు, గైడు రెండింటి మీదా చైన్ లింకుల గాట్లు. మూడూ కలిపే మార్చాలి. కొత్త చైన్‌ను పాత గైడు మీద వేస్తే ఆ గాట్లలో ఊగుతూ త్వరగా అరుగుతుంది. చైన్ తీయకముందే క్రాంక్‌ను ఎడమ సిలిండర్ టీఎల్ గుర్తుకు (పిస్టన్ పైకొసకు వచ్చే చోటు) తెచ్చి, కామ్ స్ప్రాకెట్ గుర్తు కేసు మీద గుర్తుతో కలిసిందా చూసి ఫోటో తీసుకోవాలి. బిగించాక చేత్తో క్రాంక్‌ను రెండు పూర్తి చుట్లు తిప్పితే కామ్ ఒక చుట్టు తిరుగుతుంది, గుర్తులు మళ్ళీ కలవాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డం తగిలితే బలవంతంగా తిప్పకూడదు. స్ప్రాకెట్ బోల్టులకూ, టెన్షనర్ బోల్టులకూ లాక్‌టైట్ తప్పనిసరి.

మెకానికల్ సీలుది ఓపిక పని. పాతదాన్ని లోపలి వైపు నుంచి తట్టి తీసి, గుంట అంచులో ఉప్పు తెట్టు ఉంటే నైలాన్ బ్రష్‌తో గీకాలి. ఇసుక కాగితం పెట్టకూడదు. కొత్త సీలును బయటి అంచు మీద మాత్రమే ఒత్తిడి పడేలా, సరిపడే సాకెట్‌తో నిటారుగా దించాలి. నడుమ నొక్కితే కార్బన్ ముఖం చిట్లుతుంది, కంటికి కనపడదు, కారడం మాత్రం మొదటి రోజు నుంచే. రాపిడి ముఖాలకు వేలు, గ్రీజు తగలకూడదు. ఆయిల్ సీలు కూడా ఇప్పుడే మార్చాలి. రాగి వాషరు కొత్తది. డోమ్ నట్టు మర చిన్నది, కామ్‌షాఫ్ట్ కొన మీద ఉంది. బలం చూపిస్తే మర తెగుతుంది, కామ్‌షాఫ్టే మార్చాలి.

కొత్త గ్యాస్కెట్, డోవెల్ పిన్నులు, ఓ-రింగులు వాటి చోట్లలో ఉన్నాయని వేలితో తడిమి చూశాకే కవర్ ఎక్కించాలి. స్టేటర్ వైర్ల రబ్బరు గ్రోమెట్ చుట్టూ సన్నగా సీలెంట్. వైరు కవర్ అంచున నలగకుండా చూసుకోవాలి, నలిగితే ఇదంతా మళ్ళీ చేయాలి. 6 మిల్లీమీటర్ల బోల్టులు 10 న్యూటన్-మీటర్ల దగ్గర, ఎదురెదురుగా, రెండు విడతల్లో. ఒక రంధ్రంలో మర అప్పటికే సగం పోయి ఉంది, ఇంజిన్ బల్ల మీద ఉండగానే హెలికాయిల్ (పోయిన మర బదులు వేసే తీగ చుట్ట) వేసేశాం.

ఎక్కించాక

ఇంజిన్ ఎక్కించే ముందు యూనివర్సల్ జాయింట్ పళ్ళకు, వెనక చక్రం హబ్ పళ్ళకు మాలిబ్డినం ఎక్కువున్న పేస్టు పూయాలి. మామూలు వీల్ బేరింగ్ గ్రీజు అక్కడ చాలదు. తిరుగుడుకు బయటికి విసిరేస్తుంది, ఎండిన పళ్ళు ఎర్రటి పొడిగా అరుగుతాయి. షాఫ్ట్ బండికి మెయింటెనెన్సే లేదన్న మాట నమ్మి టైరు మార్చిన ప్రతిసారీ ఈ పళ్ళను వదిలేయడం వల్లే హబ్బులు పోతున్నాయి.

కాలిన కనెక్టర్ కోసి పారేసి పసుపు వైర్లను కొత్త టెర్మినళ్ళతో క్రింప్ చేశాం. ఇంజిన్ నుంచి, రెగ్యులేటర్ నుంచి బ్యాటరీ నెగటివ్‌కు విడిగా వైరు లాగాం. ఇగ్నిటెక్‌కు కరెంటు ఇగ్నిషన్ స్విచ్చి ద్వారా నేరుగా కాకుండా రిలే పెట్టి ఇచ్చాం. పాత స్విచ్చి కాంటాక్టుల్లో ఓల్టేజి పడిపోతే డిజిటల్ బాక్సు సెల్ఫ్ కొట్టే సమయంలో తడబడుతుంది.

టాపెట్ గ్యాప్ చల్లటి ఇంజిన్ మీద ఇన్‌లెట్ 0.08, ఎగ్జాస్ట్ 0.10 మిల్లీమీటర్లు. ఇక్కడ బుల్లెట్ అలవాటు పనిచేయదు. ఒక్కో రాకరు చీలి రెండు వాల్వులను నొక్కుతుంది. ఒక పక్క గేజ్ పెట్టి చూస్తే రాకరు రెండో పక్కకు ఒరిగి తప్పు కొలత ఇస్తుంది. ఒకే మందం ఉన్న రెండు గేజ్‌లు రెండు వాల్వుల కిందా ఒకేసారి పెట్టి, రెండూ ఒకే బిగువుతో జారేలా సర్దాలి.

కూలెంట్ సిలికేట్ లేనిదే పోయాలి, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. సిలికేట్ రేణువులు కొత్త సీలు ముఖాలను అరగదీస్తాయి. రేడియేటర్ మూత తీసి ఉంచి థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఐడిల్‌లో నడిపితే గాలి బుడగలు పోతాయి, అప్పుడు మట్టం నింపాలి. ఆయిల్ 10డబ్ల్యూ-40, డబ్బా మీద జేఏఎస్‌ఓ ఎంఏ అని ఉన్నది. కారు ఆయిల్ వద్దు, ఇది తడి క్లచ్, జారుతుంది.

కార్బురేటర్లు వ్యాక్యూమ్ గేజ్‌తో సమం చేసి ఐడిల్ 1,100 దగ్గర పెట్టాం. హెడ్‌లైటు, గ్రిప్స్ వేసి ఉంచి 3,000 ఆర్‌పీఎం దగ్గర బ్యాటరీ మీద 14.1 ఓల్టులు. గంటకు పైగా నడిపి, వేడి మీదే ట్రాఫిక్‌లో పదేపదే ఆపి, ఆర్పి, స్టార్ట్ చేసి చూశాం. ఆగలేదు. గలగల పోయింది. పంప్ కింది రంధ్రంలోంచి మొదటి రోజు రెండు మూడు చుక్కలు వచ్చాయి, తర్వాత ఆగాయి. కొత్త మెకానికల్ సీలు కుదురుకునేదాకా అలా రావడం మామూలే. వారం తర్వాత కూడా వస్తుంటేనే అనుమానించాలి.

ఇలాంటిది కొనాలనుకునేవాళ్ళకు

బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకు ఈ బండిలో ఒక ఆకర్షణ ఉంది. 40 ఏళ్ళు దాటిన బండిని హిస్టారిక్ తరగతిలో నమోదు చేసుకుంటే రోడ్ టాక్స్ ఉండదు, పెద్ద మార్పులు చేయనిదైతే ఏటా చేయించే ఎంఓటీ (ఫిట్‌నెస్ పరీక్ష) కూడా తప్పనిసరి కాదు. లైసెన్స్ మాత్రం పూర్తి ఏ తరగతిది కావాలి. దాని కింది మెట్టు ఏ2 లైసెన్స్ పరిమితి 35 కిలోవాట్లు, ఈ 50 హార్స్ పవర్ 37 కిలోవాట్ల దాకా వస్తుంది.

చూడటానికి వెళ్ళేటప్పుడు మల్టీమీటర్ పట్టుకెళ్ళండి. అమ్మేవాళ్ళు మీరు వచ్చేసరికి ఇంజిన్ వేడిగా ఉంచితే అది మీకే మంచిది, ఇగ్నిషన్ వైండింగులు అప్పుడే కొలవండి. ట్రిపుల్ బైపాస్ అయిందంటే ఏ ఏడాది, ఏ స్టేటర్, కామ్ చైన్‌తోపాటు గైడు కూడా మార్చారా అని అడగండి. స్టేటర్ ఒక్కటే మార్చి కవర్ మూసిన బండ్లు చాలా ఉన్నాయి, అక్కడ ధర తగ్గించి మాట్లాడాలి. ఇంజిన్ అడుగున రెండు సైలెన్సర్లను కలిపే పెట్టె తుప్పు పట్టి ఉంటుంది, బొటనవేలితో నొక్కితే దిగిపోతే మార్చాల్సిందే. ఈ బండిలో అది ఇంకో చలికాలం ఓర్చుకునేలా ఉంది. ముందు బ్రేకు కాలిపర్ పిస్టన్ కూడా బిగుసుకోవడం మొదలైంది, దాని సీళ్ళు ఆర్డర్ పెట్టాం.